పెద్దమ్మ తల ఊపింది

దర్శి,
18 ఫిబ్రవరి 2025

నజ్మీన్‌కు,

మాట నీ పెద్దమ్మ నజీరాది, చేతిరాత జక్రయ్యది.

నువ్వు వీడి ఫోన్‌కి పెట్టిన మెసేజీ చదివి వినిపించాడు. గొంతు పోయింది కాబట్టి స్కూలు ఉద్యోగం మానేస్తానని రాశావు. మానడానికి నీ ఇష్టం ఒక్కటే చాలదు. నీకు ఆరేళ్ళప్పుడు మా చెల్లెలు పోతే, నిన్ను తెచ్చుకుని తెలుగు టీచరు అయ్యేదాకా చదివించింది ఈ పరుపుల కొట్టు. నా వాదన కూడా వినాలి.

డాక్టరు మెడలో గడ్డ తీశాడా? తీశాడు. అందులో చెడ్డదేమీ లేదన్నాడా? అన్నాడు. అన్నం దిగుతోందా? దిగుతోంది. ఆ గడ్డ గొంతు నరాన్ని కరుచుకుని కూర్చుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. నీ గొంతు బొంగురుపోయింది, అంతే. మనిషివి మిగిలావు.

ఇక్కడ ఎటు చూసినా కళ్ళాల్లో మిరపకాయలు. గాలి ఇటు తిరిగితే ఊరంతా దగ్గు. బస్సు కండక్టరుదీ బొంగురే, కూరగాయలమ్మే ఆవిడదీ బొంగురే. నువ్వొచ్చి ఒక నెల ఉంటే నీ గొంతుకి ఏదో అయిందని ఎవరికీ తోచదు.

ఇంట్లో అస్లాంతో కూడా మాట్లాడకుండా చీటీలు రాసి చూపిస్తున్నావంట. కూరలో ఉప్పు చాల్లేదని నువ్వు రాసి, వాడు కళ్ళజోడు వెతుక్కుని చదివేలోపు అన్నం చల్లారదా? మొగుడితో కాపరం చేస్తున్నావా, తాసీల్దారాఫీసు నడుపుతున్నావా?

నాకు ఫోన్ చెయ్యమాక. చెవి దగ్గర పెట్టుకుంటే తలపోటు వస్తోంది. ఉత్తరం రాయి. వీడు రిటైరైన పోస్టుమాను, పనీపాటా లేదు, చదివి పెడతాడు.

నీ పెద్దమ్మ

(‘వీడు’ అని రాయమంది, రాశాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు. — జక్రయ్య)

*

గుంటూరు,
27 ఫిబ్రవరి 2025

పెద్దమ్మకు సలాం.

గొంతు బొంగురుపోవడం అంటే నువ్వు అనుకుంటున్నట్టు జలుబు చేసినట్టు కాదు. పదకొండేళ్ళు నేను తరగతిలో పద్యం అందుకుంటే పక్క సెక్షను పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను టీచరునని నాకు తెలిసేది అప్పుడే. సంక్రాంతి సెలవులయ్యాక ఒక్కరోజు స్కూలుకి వెళ్ళాను. ఎనిమిదో తరగతిలో పద్యం మొదలుపెట్టాను. మొదటి పాదం సగంలోనే రేకు మీద మేకు గీసినట్టు ఒక చప్పుడు వచ్చింది. అది నాలోంచే వచ్చిందని తెలియడానికి ఒక క్షణం పట్టింది. మొదటి బెంచీలో రాగసుధ అనే పిల్ల కిసుక్కున నవ్వింది. పుస్తకం బల్ల మీదే వదిలి వచ్చేశాను. అప్పటినుంచీ సెలవులోనే ఉన్నాను.

పిల్లదానికి ఏం తెలుసు, నవ్వింది. పెద్దదానివి, నువ్వేం చేశావు? ఆపరేషనయ్యాక మొట్టమొదట ఫోన్ చేసింది నీకే. “పెద్దమ్మా, నేను” అన్నాను. నువ్వు “ఆఁ, ఆఁ” అని రెండుసార్లు అని ఫోన్ పెట్టేశావు. నన్ను పెంచినదానివే ఈ గొంతును భరించలేకపోతే ఇక నలభైమంది పిల్లలు భరిస్తారా? తలపోటు అని సాకులు చెప్పొద్దు.

ఇంకొక మాట. నేను పంపినవి జక్రయ్య బాబాయి కొంచెం మెల్లగా చదవకూడదా? నేను చీటీలు రాస్తున్న సంగతి మీ పక్కన టీ బంకు వాళ్ళకు కూడా తెలిసిపోయి, అస్లాంకి ఫోన్ చేసి పరామర్శించారు.

మా లెక్కల టీచరు దుర్గాంబ గారు నాకొక పుస్తకం ఇచ్చారు. దెబ్బతిన్న మనిషి మళ్ళీ ఎలా నిలబడాలి, తనని తాను ఉన్నదున్నట్టుగా ఎలా ఒప్పుకోవాలి అని అందులో ఉంది. చదువుతుంటే కాస్త ధైర్యంగా ఉంది. ఇంకో ప్రతి కొని నీకు పంపుతున్నాను. బాబాయి చేత చదివించుకో. అప్పుడైనా నా బాధ నీకు అర్థమవుతుంది.

నజ్మీన్

*

దర్శి,
8 మార్చి 2025

నజ్మీన్‌కు పెద్దమ్మ దీవెనలు. రంజాన్ రోజా మీద ఉన్నాను, కోపం తక్కువగా చెప్తాను.

ఆ రోజు ఫోన్ ఆగిపోయింది ఛార్జింగ్ లేక. దానికి ఇంత కథ అల్లుతావా?

(ఛార్జింగ్ సంగతి అక్క చెప్పింది చెప్పినట్టు రాశాను. — జ.)

పుస్తకం అందింది. అట్ట బాగుంది. జక్రయ్య రోజూ సాయంత్రం నా అసరు నమాజు అయ్యాక ఒక గంట చదువుతున్నాడు. అన్నీ నిజాలే రాశారు. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. అద్దం ముందు నిలబడి ‘నేను నాకు నచ్చాను’ అని గట్టిగా పదిసార్లు అనాలంట. నువ్వు అన్నావా? చీటీ రాసి అద్దానికి చూపించావా?

నన్నడిగితే అద్దం అక్కర్లేదు. నలుగురి ముందూ నిలబడి ‘ఇదీ నా గొంతు, వింటే వినండి, లేకపోతే పొండి’ అను. ఒక్కసారి చాలు, పదిసార్లు ఎందుకు. దాచుకున్న కొద్దీ అది ఇంకా పెద్దదవుతుంది. నువ్వేమన్నా దొంగతనం చేశావా దాచడానికి?

జక్రయ్య గొంతు అంతే. ముప్పై ఏళ్ళు సందుల్లో నిలబడి పేర్లు పెట్టి పిలిచినవాడు. ఇప్పుడు మెల్లగా చదవమంటే ఎట్లా వస్తుంది.

పండక్కి మీ ఇద్దరూ రండి. కొత్త పత్తితో పరుపు కుట్టి ఉంచాను.

నీ పెద్దమ్మ

*

గుంటూరు,
24 మార్చి 2025

పెద్దమ్మకు,

పండక్కి రాలేను. చుట్టాలందరూ ఒక్కొక్కరే వచ్చి “ఏదీ, మాట్లాడు, వింటాం” అంటారు. ఆపరేషనైనప్పుడు ఇక్కడా అంతే. నేనేదో సంతలో తెచ్చిన దూడ అయినట్టు నోరు తెరిపించి చూశారు.

నువ్వు నలుగురిలో నిలబడి చెప్పమంటావు. నీకేం, జీవితంలో ఎప్పుడైనా దేనికైనా సిగ్గుపడ్డావా? దర్శి బస్టాండులో డ్రైవరు చేత బస్సు వెనక్కి తిప్పించినదానివి. నీకున్నట్టు లోకంలో అందరికీ ఉండదు.

పుస్తకం నచ్చిందన్నావు, సంతోషం. ఏడో అధ్యాయంలో ఏనుగు కథ ఎలా ఉంది? నేను అది చదివి చాలాసేపు ఏడ్చాను. నీకేమనిపించిందో రాయించు.

రాజీనామా కాగితం రాసి డ్రాయరులో పెట్టాను. ఇంకా పంపలేదు.

నజ్మీన్

*

దర్శి,
6 ఏప్రిల్ 2025

నజ్మీన్‌కు,

పండగ బాగా జరిగింది. సేమ్యా మిగిలిపోయింది. నువ్వెందుకు రాలేదని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడిగారు. అందరికీ తల ఊపాను.

ఏనుగు కథ చాలా బాగుంది. అంత పెద్ద జంతువు అంత ఓర్పు పట్టిందంటే మనుషులం మనమెంత. నాకూ కళ్ళు చెమర్చాయి.

మొన్న కురిచేడు రోడ్డులో ఉండే ఒకాయన తన తల్లి పెళ్ళినాటి పరుపు తెచ్చాడు. యాభై ఏళ్ళది. పత్తి రాళ్ళలాగా గడ్డలు కట్టింది. పారేసి కొత్తది కుట్టమన్నాడు. కుట్టనన్నాను. నాలుగు రోజులు ఎండలో పోసి, కర్రతో కొట్టి, మిషన్లో ఏకితే ఎంత పైకి లేచిందనుకున్నావు. తెల్లగా మాత్రం రాలేదు. అది తెల్లగా ఇక ఎప్పటికీ రాదు. ఆయన దాని మీద పడుకుని చూసి, లేవనంటాడు. కొట్టు మూసుకోవాలి, లేవయ్యా అని తిట్టి పంపాను. నీ గొంతు కూడా అంతే, మునుపటిలాగా అవ్వదు. అవ్వాలని ఎవరు కూర్చున్నారు? పని చేస్తుందా లేదా, అది చూసుకో.

డ్రాయరు తాళం అస్లాంకి ఇచ్చెయ్యి.

నీ పెద్దమ్మ

*

గుంటూరు,
15 ఏప్రిల్ 2025

పెద్దమ్మా,

ఆ పుస్తకంలో ఏనుగు లేదు. ఏడో అధ్యాయంలోనే కాదు, ఎక్కడా లేదు. నువ్వు వింటున్నావో లేదో చూద్దామని రాశాను.

నా గొంతు నీకు వద్దు, సరే. నేను పంపిన పుస్తకం కూడా వద్దు. నచ్చిందని అబద్ధం మాత్రం చెప్తావు, ఏనుగుకి కళ్ళు చెమర్చాయంటావు. ఇక నా గురించి వాదించవద్దు.

నజ్మీన్

*

దర్శి,
10 మే 2025

నజ్మీన్‌కు పెద్దమ్మ చెప్పేది,

నెల దాటింది నేను ఉత్తరం రాయించి. పెళ్ళిళ్ళ పరుపులు ఒకదాని మీద ఒకటి. ఏనుగు సంగతి తర్వాత చెప్తాను. చెప్పాల్సింది ఉంది కానీ ఇప్పుడు కాదు.

మీ హెడ్మాస్టరు రామచంద్రమూర్తి గారు మొన్న గురువారం మన కొట్టుకి వచ్చారు. ఇక్కడెవరో బంధువుల పెళ్ళికి వచ్చి, నీ పెద్దమ్మ కొట్టు ఇదేనని తెలిసి దిగారంట. మర్యాదస్తుడు. మెల్లగా, వినయంగా మాట్లాడతాడు. మీసం దట్టం. మిషన్ పక్కన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. పావుగంట ఏవేవో చెప్పాడు, నీ గురించే. నీ పేరు వచ్చినప్పుడల్లా నేను తల ఊపాను. మంచివాడు, నీ మంచి తప్ప ఇంకేం చెప్తాడు. అన్నింటికీ సరేనన్నాను. దణ్ణం పెట్టి వెళ్ళాడు.

జక్రయ్య ఆ రోజు ఒంగోలు వెళ్ళాడు.

నీ పెద్దమ్మ

*

గుంటూరు,
17 మే 2025

పెద్దమ్మా,

నువ్వు దేనికి సరేనన్నావో నీకు తెలుసా?

దుర్గాంబ గారు నిన్న ఇంటికి వచ్చి చెప్పారు. హెడ్మాస్టరు గారు నిన్ను అడిగిందిదీ: నజ్మీన్ ఇక పాఠం చెప్పలేదు కదా? కొత్త టీచరును పెట్టుకుంటే ఆమె ఏమీ అనుకోదు కదా? ఫోన్ ఎత్తడం లేదు, ఆమె తరపున మీరు చెప్తే చాలు కదా? మూడింటికీ తల ఊపావట. పైగా సరేనన్నావట. “పెంచిన తల్లే ఒప్పుకున్నారు, ఇంక నాకేం అభ్యంతరం” అని స్టాఫ్‌రూములో చెప్పారట. ఇరవయ్యారో తేదీన నా పోస్టుకి ఇంటర్వ్యూలు.

ఫిబ్రవరి నుంచీ మానొద్దు, మానొద్దు అని నాతో వాదించిందెవరు? నలుగురిలో నిలబడమని చెప్పిందెవరు? మనసులో నువ్వు కూడా నా పనైపోయిందనే అనుకున్నావు. ఉత్తరాల్లో ఒకటి, మనిషి ఎదురుగా ఒకటి.

నిన్న దుర్గాంబ గారు వెళ్ళాక డ్రాయరు తీసి రాజీనామా కాగితం చింపేశాను. ఇన్నాళ్ళూ ఆ ఉద్యోగం నాకు వద్దనే అనుకున్నాను. ఇంకెవరో నా తరగతిలో నా బల్ల దగ్గర నిలబడతారంటే తట్టుకోలేకపోయాను. అస్లాంతో అరిచాను. ఆపరేషనైన తర్వాత మొదటిసారి నోటితో అరిచాను. ఆయన భయపడి మంచినీళ్ళు తెచ్చాడు.

నాకు ఆ ఉద్యోగం కావాలి. దాన్ని నువ్వు పోగొట్టావు.

నజ్మీన్

*

దర్శి,
20 మే 2025

నజ్మీన్‌కు,

జక్రయ్యా, ఇవాళ ఉన్నదున్నట్టు రాయి, సొంత కవిత్వం కలపమాక.

నాకు చెవులు వినపడవు. ఎడమది పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు ఆ పత్తి ఏకే మిషన్ పక్కనే కూర్చున్నాను, అది తినేసింది. ఆరేళ్ళయింది. ఈ సంగతి తెలిసింది ఒక్క జక్రయ్యకే. వీడు టీ బంకుకి వినపడేలా చదివేది అందుకే. పాపం, నీతో మాట పడ్డాడు.

పుస్తకం చదువుతుంటే వీడికే మూడో రోజుకి గొంతు నొప్పి పుట్టింది. మానేశాడు. వినపడ్డది ఆ అద్దం ముక్క ఒక్కటే. ఏనుగు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి, బాగుందంటే నువ్వు సంతోషపడతావని అన్నాను.

నువ్వు జనవరిలో ఫోన్ చేసినప్పుడు ఎవరో మాట్లాడుతున్నారని తెలిసింది, అంతే. నువ్వని కూడా తెలియదు. కట్ చేశాక జక్రయ్య చూసి నీ పేరు చెప్పాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ వినపడదు కదా అని వీణ్ణి చెయ్యనివ్వలేదు. ఛార్జింగ్ ఉంది. నిండా ఉంది.

నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను ఆపకుండా మాట్లాడేదాన్ని చూశావా? మాట్లాడేవాళ్ళు వినక్కర్లేదు. అట్లా నెట్టుకొచ్చాను.

సిగ్గుపడ్డావా ఎప్పుడన్నా అని అడిగావు. పడ్డాను. మా అత్తకు చెవుడొస్తే నేను నవ్వినదాన్ని. ఆమె ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పి, ఆడపడుచులతో కలిసి నవ్వాను. అదే నాకు వస్తే జనం నా వెనక నవ్వరా? నా నోటికి భయపడే ఊరు ఇది. చెవిటిదని తెలిస్తే ఎదురుగా నిలబడి ఏమన్నా అంటారు. అందుకని తల ఊపడం నేర్చుకున్నాను. పది మాటలకి తొమ్మిదింటికి తల ఊపితే సరిపోతుంది. ఆ పదో మాట నీ ఉద్యోగమైంది.

దాచుకున్న కొద్దీ పెద్దదవుతుందని నీకు చెప్పాను కదా. ఎట్లా తెలిసిందనుకున్నావు.

ఇరవై నాలుగో తేదీ శనివారం పొద్దున బస్సుకి గుంటూరు వస్తున్నాను. ఆ రోజు హెడ్మాస్టరు స్కూల్లో ఉంటాడో లేదో దుర్గాంబ గారి చేత కనుక్కో. నువ్వు నోరు తెరవక్కర్లేదు. వచ్చి పక్కన నిలబడు. మాట్లాడాల్సింది నేను.

నీ పెద్దమ్మ

(అక్క కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఇది రాయొద్దంది. — జక్రయ్య)

*

గుంటూరు,
14 జూన్ 2025

పెద్దమ్మకు సలాం, జక్రయ్య బాబాయికి క్షమాపణలు.

ఆ రోజు హెడ్మాస్టరు గారి గదిలో జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం చెప్పడానికి రాస్తున్నాను.

నువ్వు గుమ్మంలోంచే మొదలుపెట్టావు. “అయ్యా, నేను చెవిటిదాన్ని. మొన్న మీరు చెప్పిన మాట ఒక్కటీ నాకు వినపళ్ళేదు. చెవిటిదాని తల ఊపుడు చెల్లదు.” నువ్వు మామూలుగా అన్నాననుకున్నావేమో, ఆఫీసు దాటి మైదానం అవతల వాచ్‌మన్ ఖాదర్ వలికి కూడా వినపడిందట. వేసవి సెలవులైనా అడ్మిషన్ల పనికి వచ్చి స్టాఫ్‌రూములో ఉన్నవాళ్ళందరూ లేచి వచ్చి వరండాలో నిలబడ్డారు. నువ్వు వెనక్కి తిరిగి వాళ్ళకు కూడా ఇంకోసారి చెప్పావు.

హెడ్మాస్టరు గారు లేచి నిలబడి అన్నది ఇదీ: “తప్పు మీది కాదమ్మా. అడగాల్సిన మనిషిని అడక్కుండా మిమ్మల్ని అడిగాను. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళాల్సింది.” తర్వాత నా వైపు తిరిగారు. “క్లాసులో మాట్లాడగలరా నజ్మీన్ గారూ?”

నేను బ్యాగులో కాగితం కోసం వెతుకుతున్నాను. అలవాటైపోయింది. నువ్వు నా మోచెయ్యి పట్టుకుని, “ఏమంటున్నాడు? నాకు చెప్పు” అన్నావు. వంగి నీ చెవిలో చెప్పాను, “తరగతిలో మాట్లాడగలనా అని అడుగుతున్నారు” అని.

“మరి ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?” అన్నావు.

వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ రేకు చప్పుడుతోనే. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటర్వ్యూలు ఆగిపోయాయని ఆ సాయంత్రం దుర్గాంబ గారు చెప్పారు.

నిన్న నా మొదటి క్లాసు. ఆ పిల్లలే, ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చారు. పద్యం మొదలుపెట్టకముందే చెప్పాను: “నా గొంతు ఇకనుంచి ఇలాగే ఉంటుంది. అర్థం కాకపోతే చెయ్యి ఎత్తండి, మళ్ళీ చెప్తాను.” రాగసుధ చెయ్యి ఎత్తింది. “ఆ రోజు నాకు భయమేసి నవ్వొచ్చింది టీచర్” అని ఏడ్చేసింది. ఐదు నెలలుగా తన మూలానే నేను మానేశానని అనుకుంటోందట ఆ పిల్ల.

రాగం తియ్యలేను, అది నిజం. ప్రయత్నించలేదు కూడా. పురాణంలో రాక్షసరాజు నిండుసభలో బెదిరించే పద్యం ఒకటుంది. ఇన్నేళ్ళూ నా సన్నగొంతుతో అది చదివితే రాజు కాస్తా పెళ్ళికూతురిలా వినిపించేవాడు. నిన్న చదివితే వెనక బెంచీలు కిక్కురుమనలేదు. చివర్లో ఒకడు “ఇంకోసారి టీచర్” అన్నాడు.

అస్లాం నా చీటీలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టాడు. పోట్లాడుకున్నప్పుడు మళ్ళీ తీస్తాడట.

నువ్వొచ్చిన రోజు ఇక్కడ నిన్ను చూసిన చెవుల డాక్టరు ఇస్తానన్న చెవి మిషన్ వచ్చిందా? పెట్టుకుంటున్నావా, కొంగు కింద దాస్తున్నావా?

నజ్మీన్

*

దర్శి,
20 జూన్ 2025

నజ్మీన్‌కు పెద్దమ్మ చెప్పి రాయించేది,

మిషన్ వచ్చింది. కొంగు కింద దాచలేదు. జుట్టు వెనక్కి లాగి ముడి వేసి, అందరికీ కనపడేలా పెట్టుకుని కొట్లో కూర్చున్నాను. మొదటి రోజు అడిగిన ప్రతివాడికీ చెప్పాను. రెండో రోజు అడక్కుండానే చెప్పాను. మూడో రోజు యలమందయ్య వచ్చి, పత్తి మిల్లులో పనిచేసేవాడు, “అక్కా, నాక్కూడా ఎడమ పక్క తెలియడం లేదు, ఆ డాక్టరు అడ్రసు ఇవ్వు” అని గుసగుసగా అడిగాడు. గుసగుస నాకు వినపడింది చూడు.

లోకంలో ఇంత చప్పుడు ఉందని మర్చిపోయాను. ఫ్యాను కిర్రుమంటుంది. నా గాజులు నాకే వినపడుతున్నాయి. జక్రయ్య రాస్తూ పళ్ళు నూరతాడు, ఇన్నాళ్ళూ బతికిపోయాడు. వీడి గొంతు ఇప్పుడు నేను భరించలేకపోతున్నాను, మెల్లగా చదవమంటే మొహం మాడ్చుకున్నాడు.

(నాకు మెల్లగా రాదు. — జక్రయ్య)

ఇప్పుడొక సంగతి చెప్తాను. గుంటూరులోనే చెప్పాల్సింది, బస్సు టైమైపోయింది.

ఆ చెవుల డాక్టరు కాగితం మీద గీతలు గీసి చూపించాడు. చెవుడు వచ్చేటప్పుడు సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయంట. పిట్టలు, గజ్జెలు, ఆడపిల్లల గొంతులు. లావు చప్పుళ్ళు ఆఖరుకి పోతాయంట. నీ గొంతు ఎంత సన్నది. అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆరేళ్ళుగా నువ్వు ఇక్కడికి వచ్చి, ఈ మంచం మీద కూర్చుని పద్యాలు పాడితే నేను నీ పెదాలు చూసి తల ఊపాను. ఒక్క అక్షరం నాకు అందలేదు. నువ్వు పడుకున్నాక ఏడ్చాను. నీ గొంతు పోయిందని నువ్వు మొన్న జనవరిలో ఏడ్చావు. నాకు అది ఆరేళ్ళ కిందటే పోయింది.

హెడ్మాస్టరు గదిలో వంగి నా చెవిలో చెప్పావు చూడు, అప్పటికి నాకు మిషన్ లేదు. నువ్వు అరవలేదు కూడా. మామూలుగా చెప్పావు. మొత్తం వినపడింది. మొదటి మాట నుంచి ఆఖరు మాట దాకా. అందుకే నేను అట్లా అన్నాను, ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరని. తెలివిగా అన్నాననుకుని అందరూ నవ్వారు. నేను నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాను.

నువ్వు రేకు మీద మేకు అంటున్న ఆ గొంతు వల్లే ఆరేళ్ళకి నీ మాట మళ్ళీ నాకు చేరింది. దాన్ని ఇక నా ముందు తిట్టమాక, ఊరుకోను.

వచ్చే శనివారం పొద్దున ఏడింటికి ఫోన్ చెయ్యి. చెప్పడానికి విశేషమేమీ లేకపోయినా చెయ్యి. ఏం కూర వండావో చెప్పు, అస్లాం మీద చాడీలు చెప్పు, ఏదైనా సరే. నేను మధ్యలో మాట్లాడను.

నీ పెద్దమ్మ నజీరా